గిన్నె దగ్గర పిల్లి ఎందుకు ఆగుతుంది

ఒకప్పుడు పిల్లులు కళ్లు మూసుకుని తినేవి. గిన్నె చప్పుడైతే చాలు, పరుగున వచ్చి మూతి పెట్టేసేవి. వాసన చూడటమనేది లేదు. నీళ్లయినా అంతే, వంగి గటగటా తాగేసేవి.

"ముక్కు ఉన్నది ఎలుకల్ని పట్టడానికి. తిండి దగ్గర ముక్కుతో పనేముంది? పెట్టేది మనవాళ్లే కదా" అనుకునేవి.

ఆ రోజుల్లో కొండల మధ్య ఒక సాలెవీధి ఉండేది. వీధి చివరి ఇంట్లో నాంచారమ్మ ఒక్కతే ఉండేది. లోపలి గదిలో నేలలో గుంట తవ్వి మగ్గం పెట్టుకుంది. ఆ గుంటలో కాళ్లు దింపుకుని కూర్చుని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చీరలు నేసేది. నూలుకు గంజి పట్టిస్తారు కదా, ఆ గంజి వాసనకు ఎలుకలు వచ్చేవి. ఒక్క పూటలో నూలంతా కొరికి పోగులు పెట్టేవి. అందుకని ఆవిడ ఒక పిల్లికూనను తెచ్చుకుంది. తెల్లగా, నూలు చుట్టిన కండెలా ఉందని దానికి కండె అని పేరు పెట్టింది.

ఆ వీధిలో కుక్కలు ఎక్కువ. అందుకే కండె గడప దాటేది కాదు. దాని ఊరూ, వాడా, అడవీ అన్నీ ఆ ఇల్లే.

నాంచారమ్మ పొద్దున్నే పాలన్నం కలిపి, వసారాలో పడమటి కిటికీ కింద గిన్నె నిండా పెట్టేది. పక్కనే ముంతలో నీళ్లు పోసేది. "సాయంత్రం దాకా నేను లేవను. ఆకలైనప్పుడల్లా తిను" అని చెప్పి మగ్గం గుంటలో దిగేది. కండె పొద్దున కాస్త తినేది, మధ్యాహ్నం మిగతాది ఊడ్చేసేది. చలికాలం అలాగే గడిచింది. ఏ ఇబ్బందీ రాలేదు.

తర్వాత ఎండాకాలం వచ్చింది. రోహిణి కార్తెలో రాళ్లు కూడా మూలిగాయి. చెట్లు ఆకులు ముడుచుకున్నాయి. కండె నోరు తెరిచి రొప్పుతూ, నేల మీద నాలుగు కాళ్లూ చాపుకుని పడుకునేది.

ఒకరోజు మధ్యాహ్నం అది ఎప్పటిలాగే పాలన్నం తినేసింది. కాసేపటికే కక్కుకుంది. మర్నాడూ అంతే. మూడో రోజు కక్కుకుని, లేవలేక అక్కడే పడిపోయింది.

సాయంత్రం మగ్గం దిగి వచ్చిన నాంచారమ్మ అది చూసింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆలోచించింది. అన్నం తను వండిందే. గిన్నె తను తోమిందే. మరి పాలు? పాలు పక్కింటి అచ్చాయమ్మ పోస్తుంది.

పోయినవారం అచ్చాయమ్మ ఒక మాట అన్నది. "నీ పిల్లి కిటికీలోంచి నా దూడను చూసి బుస్సుమంటోంది వదినా" అని. అప్పుడు నవ్వుతూనే అన్నది. ఇప్పుడు తలుచుకుంటే అది నవ్వులా అనిపించలేదు.

నాంచారమ్మ తిన్నగా పక్కింటికి వెళ్లింది.

"పాలల్లో ఏం కలుపుతున్నావు వదినా?"

అచ్చాయమ్మ గేదె ముందు గడ్డి వేస్తోంది. చేతిలో గడ్డి చేతిలోనే ఉండిపోయింది. "ఏం కలుపుతాను? అవే పాలు నా మనవరాలూ తాగుతోంది."

"నీ మనవరాలు బాగానే ఉంది. నా పిల్లి బాగా లేదు."

"అంటే? మనవరాలికి వేరే పాలూ, నీ పిల్లికి వేరే పాలూ పోస్తున్నానా?"

నాంచారమ్మ అవుననలేదు, కాదనలేదు. అలా ఊరుకోవడమే అచ్చాయమ్మకు ఎక్కువ బాధ కలిగించింది. "రేపటి నుంచి చెంబు పట్టుకుని నా గుమ్మంలోకి రాకు" అంది.

నాంచారమ్మ ఎగువ వీధి నుంచి పాలు తెచ్చింది. కండె మళ్లీ కక్కుకుంది. "ఎగువ వీధి వాళ్లకు అచ్చాయమ్మ చెప్పి ఉంటుంది. వాళ్లూ వాళ్లూ ఒకటే" అనుకుంది నాంచారమ్మ. అనుమానం ఒకసారి ఇంట్లోకి వచ్చాక ఎక్కడ పడితే అక్కడ కూర్చుంటుంది.

ఇటు కండెకూ ఒక అనుమానం పట్టుకుంది.

గోడ మీద బల్లి ఉండేది. దానికి పెద్దగా పనేమీ లేదు. "తిన్నది నువ్వు. పెట్టింది ఎవరు?" అని అడిగింది.

"మా అమ్మ" అంది కండె. నాంచారమ్మను అది అమ్మా అనే పిలిచేది.

"ఇంకెవరైనా పెట్టారా?"

"లేదు. ఇంట్లో ఇంకెవరూ లేరు."

"మరి ఇంకా ఆలోచిస్తావేం?" అని బల్లి తోక ఊపుకుంటూ దూలం వెనక్కి పోయింది.

కండె నమ్మలేదు. కానీ ఆ మాట చెవిలో ఉండిపోయింది. నాలుగు రోజుల క్రితం తను ఆడుకుంటూ నూలుపోగు లాగితే, "ఇంకోసారి ముట్టుకుంటే ఊరుకోను" అంది అమ్మ. ఊరుకోనంటే ఇదేనా? నిన్న ఒళ్లు నిమురుతూ అమ్మ అదోలా చూసింది. ఆ చూపేమిటి? పాపం నాంచారమ్మ దిగులుతో చూసింది. అనుమానపు కళ్లకు దిగులు కూడా దొంగచూపులాగే కనిపిస్తుంది.

ఆ రోజు నుంచి కండె గిన్నె ముట్టుకోవడం మానేసింది. బియ్యం కుండల వెనక ఇరుకులో దూరి కూర్చుంది. నాంచారమ్మ వంగి పిలిచింది. "రావే తల్లీ, ఒక్క ముద్ద తిను." కండె ఇంకాస్త వెనక్కి జరిగింది. నాంచారమ్మ చెయ్యి చాపితే గోళ్లు బయటపెట్టింది. ఎప్పుడూ అలా చెయ్యలేదు. నాంచారమ్మ ఆ చెయ్యి వెనక్కి తీసుకుని, చాలాసేపు అలాగే నేల మీద కూర్చుండిపోయింది.

సాయంత్రం మిగిలిన పాలన్నం కంపు కొట్టింది. "చూశావా, ఎలాంటి పాలు పోశారో" అని తిట్టుకుంటూ దాన్ని పెరట్లో పారబోసింది.

రెండు రోజులు కండె ఏమీ తినలేదు. నీళ్లు కూడా తాగలేదు. ఎలుకలు బాహాటంగా వచ్చి నూలు కొరుకుతుంటే కళ్లతో చూసిందే తప్ప కదలలేకపోయింది.

మూడో రోజు పొద్దున దానికి ఒకటి అనిపించింది. "నేను ఎలాగూ చచ్చిపోయేలా ఉన్నాను. ఎవరు చంపుతున్నారో చూసి మరీ చస్తాను."

కుండల సందులోంచి గిన్నె మీదే చూపు నిలిపింది.

నాంచారమ్మ వచ్చింది. గిన్నె తోమింది. అన్నం మెత్తగా పిసికి పాలు పోసింది. తర్వాత అటూ ఇటూ చూసి, ఒక ముద్ద తీసి తన నోట్లో పెట్టుకుంది. నమిలి మింగింది. ఇంకో ముద్ద కూడా తిన్నది. "బాగానే ఉందే" అని తనలో తను అనుకుంటూ మగ్గం గదిలోకి వెళ్లింది.

కండె చెవులు నిక్కబొడుచుకుంది. విషం పెట్టిన మనిషి అదే ముద్ద తను తింటుందా? కాసేపటికి లోపల మగ్గం టకటకా ఆడింది. అమ్మకు ఏమీ కాలేదు.

"అయితే తర్వాత ఎవరో వస్తున్నారు" అనుకుంది కండె.

ఒక చీమ వచ్చింది. గిన్నె చుట్టూ తిరిగి ఒక మెతుకు మోసుకుపోయింది. బల్లి దూలం మీంచి తొంగిచూసింది, దిగలేదు. కాకి కిటికీ ఊచ మీద వాలి, మగ్గం చప్పుడుకు జడిసి ఎగిరిపోయింది. ఎవరూ గిన్నెలో ఏమీ వెయ్యలేదు.

పొద్దు నడినెత్తి దాటింది. అప్పుడు పడమటి కిటికీలోంచి వడగాలి లోపలికి దిగింది. ఎర్రగా, పొడుగ్గా, జుట్టంతా దుమ్ముతో ఉంది. తన ఇంటికి తను వచ్చినట్టు వచ్చి గిన్నె పక్కన కూర్చుంది. ముంతలో నీళ్లు సగం తాగింది. తర్వాత పాలన్నంలో వేలు ముంచి మెల్లగా కలపసాగింది.

కండె ఓపిక కూడగట్టుకుని బయటికి వచ్చింది. "ఎవరు నువ్వు? నా గిన్నెలో ఏం వేస్తున్నావు?"

"ఏమీ వెయ్యటం లేదు. నా దగ్గర విషమేమీ లేదు. నేను వేలు పెడితే చాలు" అంది వడగాలి. "పొద్దున అవి మంచి పాలే. నేను వచ్చి వెళ్లాక మంచివి కావు."

"దొంగచాటుగా వచ్చి ఇలా చేస్తావా?"

"దొంగచాటు ఎందుకు? కిటికీ తెరిచే ఉంది. రోజూ ఇదే వేళకు వస్తున్నాను. నన్ను ఎవరూ చూడలేదు. ఆవిడ పక్కింటి వైపు చూస్తోంది. నువ్వు ఆవిడ వైపు చూస్తున్నావు." వడగాలి వేలు గిన్నె అంచుకు తుడుచుకుంది. "ఇంతకీ తినేముందు నీ ముక్కు ఏమీ చెప్పలేదా?"

"నేను దాన్ని అడగలేదు" అంది కండె.

"అడగకు. ఎండాకాలమంతా నాకు పని ఉంటుంది" అని నవ్వి వడగాలి ఇంకో ఇంటి కిటికీ వైపు పోయింది.

కండె గిన్నె దగ్గరికి వెళ్లి, పుట్టాక మొదటిసారి తిండిని వాసన చూసింది. పుల్లటి కంపు గుప్పుమంది. మెతుకులు జిగురు సాగుతున్నాయి. ఇన్నాళ్లూ ఇదేనా తను తిన్నది?

అడుగులో అడుగు వేసుకుంటూ మగ్గం గదికి వెళ్లింది. గుంట అంచున కూలబడి, నాంచారమ్మ మోకాలికి తల ఆనించింది. "అమ్మా, ఒకసారి వచ్చి ఆ గిన్నె చూడు. సాయంత్రం కాదు, ఇప్పుడే చూడు."

నాంచారమ్మ పోగులో నూలు దూర్చే నాడెను చేతిలోంచి వదిలేసి వచ్చింది. గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుంది. పొద్దున తను తిన్న ముద్ద ఇంకా నాలుక మీద తియ్యగానే ఉన్నట్టుంది. ఇదేమో ఇలా ఉంది. ముంతలో చెయ్యి పెడితే నీళ్లు కాచినట్టు ఉన్నాయి. కిటికీలోంచి సెగ మొహానికి కొట్టింది.

ఆవిడకు అంతా అర్థమైంది. "పొద్దున రుచి చూశాను. మధ్యాహ్నం ఒక్కసారైనా లేచి చూడలేదు" అంది.

కండెను కొంగులో చుట్టుకుని పక్కింటికి వెళ్లింది. అచ్చాయమ్మ గుమ్మంలోనే నిలబడింది. లోపలికి రమ్మనలేదు.

"వదినా, తప్పు నీ పాలది కాదు. నాదీ, ఈ ఎండదీ. ఇది బతుకుతుందో లేదో తెలియదు. నువ్వు పశువుల్ని సాకినదానివి. చూడవూ?"

"నా పాలను అనుమానించావు కదా. ఇప్పుడు నా చేతిని నమ్ముతావా?"

నాంచారమ్మ కొంగు కాస్త తొలగించి కండెను చూపించింది. "నమ్ముతాను. అయినా పక్కనే కూర్చుని చూస్తుంటాను" అంది.

అచ్చాయమ్మకు కోపం రావలసింది. కానీ కొంగులో ఉన్న కండె కళ్లు తెరవడం లేదు. "సరే, చూస్తూనే కూర్చో" అని లోపలికి దారి ఇచ్చింది.

దూది ఒత్తి చల్లటి నీళ్లలో ముంచి, ఒక్కొక్క చుక్కే కండె పెదవి పక్క నుంచి పోసింది. తడిగుడ్డతో పాదాలు, చెవులు, పొట్ట తుడిచింది. "మీద చెంబుడు నీళ్లు గుమ్మరించకు, బెదిరిపోతుంది" అని చెప్పింది. పొద్దుగూకే వేళకు కండె నాలుక బయటపెట్టి ఒత్తిని తనే నాకింది. ఆడవాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మర్నాటి నుంచి నాంచారమ్మ ఇంట్లో పద్ధతి మారింది. తెల్లవారగానే కొంచెం తిండి, పొద్దువాలాక కొంచెం తిండి. తినగా మిగిలింది వెంటనే తీసేసేది. ఒక ముంతకు బదులు మూడు మట్టి మూకుళ్లలో, ఇంట్లో మూడు చోట్ల, గిన్నెకు దూరంగా నీళ్లు పోసేది. మధ్యాహ్నం మగ్గం ఆపి నీళ్లు మార్చేది. పడమటి కిటికీకి వట్టివేళ్ల తడక కట్టి తడిపేది. ఊడిపోతున్న బొచ్చును దువ్వెనతో దువ్వేది. ఎండ మండే వేళ కండె మగ్గం గుంటలో, ఆవిడ పాదాల పక్కన చల్లటి మట్టి మీద పడుకునేది.

వడగాలి వచ్చింది. తడక తడిగా తగిలింది. సందులోంచి చూస్తే గిన్నె బోర్లించి ఉంది. "ఎప్పుడో ఒకరోజు మరిచిపోతారు. అప్పుడు వస్తాను" అని గొణుక్కుంటూ పోయింది. ఆ మాట కండె విన్నది.

పది రోజులకు కండె మునుపటిలా అయింది. ఆ రోజు పొద్దువాలాక నాంచారమ్మ చిన్న చేపను ఉడకబెట్టి, ముళ్లు తీసి, చల్లార్చి, తన చేత్తోనే పెట్టింది. కండె వచ్చింది. గిన్నెకు జానెడు దూరంలో ఆగింది. మెడ చాచి వాసన చూసింది. ఒక అడుగు వెనక్కి వేసి, ఇంకో పక్క నుంచి మళ్లీ చూసింది.

నాంచారమ్మ మనసు చివుక్కుమంది. "నన్ను ఇంకా అనుమానిస్తున్నావా?"

"నిన్ను కాదమ్మా. నువ్వు పెట్టాక, నేను తినేలోపల వచ్చే ఆ వడగాలిని" అంది కండె. అబద్ధం చెప్పడం ఇష్టంలేక, "నిన్ను కూడా కొంచెం" అంది.

నాంచారమ్మకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "సరేలే, చూసుకునే తిను. నువ్వు బతికుంటే నాకు చాలు" అంది.

కండె చేప తిన్నది. తర్వాత నీళ్ల మూకుడు దగ్గరికి వెళ్లింది. వడగాలి వచ్చి వెళ్లిందేమోనని ముందు ఒక పాదం ముంచి, వేడెక్కాయో లేదో చూసింది. చల్లగానే ఉన్నాయి. అప్పుడు తాగింది.

ఆ తర్వాత కండెకు పిల్లలు పుట్టాయి. కళ్లు తెరవగానే వాటికి ఈ సంగతే చెప్పింది. అవి వాటి పిల్లలకు చెప్పాయి.

అప్పటినుంచే పిల్లి, కన్నతల్లిలా సాకిన చెయ్యి పెట్టినా సరే, ముందు వాసన చూడనిదే మూతి పెట్టదు. నిలవ ఉన్న తిండి కనిపిస్తే మొహం తిప్పుకుని వెళ్లిపోతుంది. నీళ్లలో పాదం ముంచి చూస్తుంది. దానికి పొగరని మనం అనుకుంటాం.