చెయ్యి తిరిగిన రోజు

గవరయ్య మాస్టారు తుపాకి చేతిలోకి తీసుకుంటే ముందు దాన్ని ఖాళీ చేసేవారు. ఖాళీ తుపాకి అందించినా ఖాళీ చేసేవారు. తూటా కూర్చునే గది తెరిచి, చిటికెన వేలు లోపల పెట్టి తడిమి చూసుకుని, అప్పుడు గానీ ఎదుటివాడితో మాట్లాడేవారు కాదు. పట్టాళంలో ఇరవైయేడేళ్లు తుపాకులు బాగుచేసి వచ్చిన మనిషి. సముద్రపు ఒడ్డున సరుగుడు తోటల వెనక ఒక చిన్న విమానాశ్రయం ఉండేది. దిగే విమానాలకు పక్షులు అడ్డు రాకుండా చూసే కావలివాళ్లకు అక్కడ ఆయనే గురువు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు, చెప్పినవాటి కన్నా ఆయన చెప్పకుండా ఊరుకున్నవే తమకు ఎక్కువ గుర్తున్నాయని అనేవారు.

ఆ శిష్యుల్లో తవిటినాయుడు ఒకడు. ముప్పై నాలుగేళ్లవాడు, ఉప్పుమడుల్లో పెరిగినవాడు. మట్టి పళ్లాలు ఇరవై ఎగరేస్తే ఇరవై పగలగొట్టగలడు. తోటివాళ్లకు నాలుగో నెలలోనే మాస్టారు అనుమతి కాగితం మీద సంతకం పెట్టారు; ఆ కాగితం ఉంటే తుపాకితో ఒంటరిగా కాపలా తిరగవచ్చు. నాయుడికి ఎనిమిదో నెల నడుస్తున్నా కాగితం రాలేదు. ఎందుకు రాలేదో ఆయన చెప్పలేదు, ఇతను అడగలేదు. అయితే అడగని మాట లోపల ఊరికే ఉండదు కదా. పుష్యమాసంలో ఒకనాడు తెల్లవారుతుండగా, షెడ్డులో తుపాకి సిద్ధం చేస్తూ ఉన్నప్పుడు, అది వేరే రూపంలో బయటికి వచ్చింది.

"మాస్టారూ, చెయ్యి తిరిగిందని మనిషికి ఎలా తెలుస్తుంది?"

మాస్టారు బల్ల మీది తుపాకి వంక చూశారు. అది పాతకాలపు తుపాకి. ఒక తూటా పేలితే ఆ తోపుతోనే ఖాళీ తూటాను బయటికి విసిరి, తర్వాతిదాన్ని తానే గదిలోకి తెచ్చుకునే రకం. ముందురోజు పళ్లాల మీద బరువు తూటాలు కాల్చారు. బరువు తూటాకు తోపు ఎక్కువ, అందుకని గొట్టం కింది ముందు చెక్క లోపల, స్ప్రింగుకు పైన ఉక్కు రింగు వేసి ఆ దూకుడును పట్టి ఉంచాలి. తేలిక తూటాలకు ఆ రింగును తీసి స్ప్రింగు వెనక పెట్టాలి, లేకపోతే తుపాకి సగంలో బిగుసుకుంటుంది. రింగు మార్చడం మరిచి బరువు తూటా కాలిస్తే ముందు చెక్క చీలుతుంది, భుజం కమిలిపోతుంది.

"చోక్ మార్చావా?" అన్నారు మాస్టారు.

నాయుడు చేసి చూపించాడు. గది తెరిచి వేలితో తడిమాడు. మూతి ఎదుటికి చెయ్యి పోనివ్వకుండా పక్కనుంచి, గొట్టం చివర మూతి వెడల్పును మార్చే మరబిళ్లను, అక్కడ బిగించి ఉన్న ఇరుకు చోక్‌ను తిప్పి తీశాడు. దాని చోట పూర్తిగా వెడల్పైన చోక్ బిగించాడు. ఆ రోజు కాల్చేది టపాసు తూటా. అది పక్షుల్ని చంపదు; పైకి వెళ్లి, వాటి నెత్తిన పేలి బెదరగొడుతుంది. మూతి ఇరుకైతే అది గొట్టంలోనే ఆగిపోతుంది. చోక్ అసలే లేకుండా కాలిస్తే మూతి లోపలి మరలు పాడవుతాయి. టపాసు తూటా తోపు మరీ తక్కువ కాబట్టి, రింగు ఎక్కడున్నా, ఆ తుపాకి దానికి తానుగా గది తెరుచుకోదు. ప్రతిసారీ గది పక్కనున్న పిడిని చేత్తో లాగి, తూటాను ఒక్కొక్కటిగా పెట్టుకోవాలి. కాల్చాక చప్పుడు వినాలి, పైన పేలిందా అని చూడాలి. తేడా ఉంటే రెండోది కాల్చకూడదు.

ఇవన్నీ నాయుడి వేళ్లకు వచ్చేశాయి. బల్ల వైపు చూడనైనా చూడకుండా, అలవాటుగా రింగు కూడా మార్చి చెక్క బిగించాడు. మాస్టారు ఆ వేళ్లనే చూస్తూ నిలబడ్డారు. మెచ్చుకోలేదు, తప్పూ పట్టలేదు.

బయట మోకాలెత్తు పొగమంచు పరుచుకుని ఉంది. పైన ఆకాశం తేటగా ఉంది. జీపు చక్రాలు మంచులో మునిగి, బండి పడవలా సాగింది. డ్రైవరు కూర్మయ్య నడుపుతున్నాడు. సముద్రం ఎక్కడో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు వినిపిస్తోంది. రన్‌వే మధ్యకు వచ్చేసరికి, మంచు మీద కాళ్లు లేకుండా తేలుతున్నట్టు వందల తెల్లకొంగలు. రాత్రి పడిన చినుకులకు పురుగులు తేలాయి కాబోలు. మెడలు మాత్రం మెల్లగా ఇటూ అటూ ఊగుతున్నాయి. ఇంత అందమైనదాన్ని చెదరగొట్టడమా అని నాయుడికి ఒక్క క్షణం చెయ్యి రాలేదు.

వైర్‌లెస్ గరగరలాడింది. విమానం నాలుగు నిమిషాల దూరంలో ఉంది.

నాయుడు తుపాకితో యాభై అడుగులు ముందుకు నడిచాడు. మాస్టారు జీపు దగ్గరే ఆగి టవర్‌తో మాట్లాడుతున్నారు. కొంగల నెత్తికి పైగా గురిపెట్టి నాయుడు కాల్చాడు. తడిసిన గుడ్డ నేల మీద కొట్టినట్టు చిన్న చప్పుడు వచ్చింది. పైన ఏమీ పేలలేదు. కొంగల్లో ఒకటి రెండు మెడలెత్తి చూసి మళ్లీ దించుకున్నాయి.

అప్పుడు జరిగింది నాయుడు తర్వాత ఎన్నోసార్లు తలుచుకున్నాడు. కుడి చెయ్యి పిడి లాగింది. ఖాళీ తూటా ఎగిరి మంచులో మాయమైంది. జేబులోంచి రెండోది తీసింది, గదిలో పెట్టింది, మూసింది. తుపాకి భుజానికి చేరింది. ఇదంతా అతని చెయ్యే చేసింది. అతను కొంగలను చూస్తున్నాడు, విమానంలో మనుషులున్నారని అనుకుంటున్నాడు, అంతే. వేలు మీట మీదికి వెళ్లింది.

అక్కడ ఆగింది.

ఎందుకు ఆగిందో తెలియదు. చుట్టూ అంతా ఉన్నట్టుండి సద్దుమణిగింది. ఇందాకటి చిన్న చప్పుడు అప్పుడే చెవిలో పడినట్టు, చాలా దూరం నుంచి నడిచి వచ్చినట్టు అనిపించింది. వేలు మెల్లగా బయటికి వచ్చింది. నాయుడు మూతిని సముద్రం వైపు ఇసుకదిబ్బకు తిప్పి అలాగే నిలబడ్డాడు. గొట్టం లోపల ఏదైనా రాజుకుంటూ ఉంటే ఇప్పుడు గది తెరవకూడదు. అరవై లెక్కపెట్టాడు. బతుకులో అంత పొడుగు అరవై మరొకటి ఎరగడు. ఆ తర్వాత గది తెరిచి, రెండో తూటా తీసి, తుపాకిని మూతి సముద్రం వైపు ఉండేలా రన్‌వే పక్క ఇసుక మీద పడుకోబెట్టాడు.

ఈలోగా మాస్టారు విమానాన్ని ఒక చుట్టు తిరిగి రమ్మని టవర్‌కు చెప్పేశారు. తలగుడ్డ విప్పి గాలిలో ఊపుతూ, అరవై రెండేళ్ల మనిషి, మంచులో పరుగెత్తుతున్నారు. నాయుడూ చొక్కా విప్పి ఊపుతూ ఆ వెనకే పరుగెత్తాడు. కూర్మయ్య హారన్ మీద చెయ్యి తీయకుండా బండి తోలాడు. కొంగలు లేచాయి. మంచు నేలను విడిచి లేచినట్టు, ఒక్క తెల్లటి దుప్పటి పైకి పోయినట్టు లేచాయి. రెక్కల గాలి మొహానికి తగిలింది. విమానం వాళ్ల తలల మీదుగా వెళ్లి, సముద్రం మీద తిరిగి, ఖాళీ రన్‌వే మీద దిగింది. దీపాలు వెలిగిన కిటికీల్లో ఒకటి రెండు నిద్రమొహాలు కనిపించాయి. వాళ్లకు ఏమీ తెలియదు.

తిరిగి వస్తుంటే కూర్మయ్య అన్నాడు: "మాస్టారు అలా అరవగా నేనెప్పుడూ వినలేదు బాబూ. ఆగు ఆగు అని ఒకటే అరుపు. గొంతు చిరిగిపోనాది."

నాయుడు మాస్టారి వంక చూశాడు. ఆయన ఇసుక దులుపుకుంటున్నారు. నాయుడికి ఏ అరుపూ వినిపించలేదు.

ఆ గొట్టాన్ని విప్పి మధ్యాహ్నం దాకా నీళ్ల తొట్టిలో నిలబెట్టారు. తర్వాత మాస్టారు వెనకవైపు నుంచి చెక్క కడ్డీ పెట్టి నెడితే, తోపు చాలక లోపలే ఆగిపోయిన మొదటి తూటా, ఉబ్బిన మట్టిరంగు టపాసు ముద్దగా ఊడి నీళ్లలో పడింది. దాని వెనక రెండోది పేలి ఉంటే గొట్టం అరటిదొప్పలా చీలేది. ఎడమచెయ్యి, మొహం ఉన్న చోటే చీలేది. నాయుడు ఆ ముద్దను చాలాసేపు చూశాడు. కాగితం సంగతి అతనికి గుర్తే లేదు.

"మాస్టారూ, మీరు అరిచారట. నాకు వినబడలేదు."

"తెలుసు." ఆయన గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "నేను అరిచేసరికే నీ వేలు బయట ఉంది."

"మరి నన్ను ఆపింది?"

మాస్టారు గొట్టం తుడవడం మొదలుపెట్టారు.

"నీ చెయ్యి తిరిగి చాలా రోజులైంది, నాయుడూ. పొద్దున్న అది నిన్ను అడక్కుండానే పని అంతా చేసేసింది. దాన్ని ఆపింది ఏమిటో నాకూ తెలీదు; ఇన్ని నెలలూ నేను ఎదురుచూసింది మాత్రం దానికోసమే. ఆ ఆపేది వచ్చినప్పుడు నువ్వు దానికి అడ్డం లేకుంటే చాలు."