ఎజీదియో ఇంటి గుమ్మం

బాలశౌరి ఇటలీకి వచ్చి ఏడాది కావస్తున్నా ఇటలీని చూడలేదు.

కడప పక్కన ఒక పల్లె నుంచి వచ్చిన యువ సన్యాసి అతను. ఏడాది శిక్షణ కోసం కొండ మీది ఆ రాతి మఠానికి పంపారు. పొద్దున లేస్తే ప్రార్థన, తర్వాత ద్రాక్షతోట, మళ్ళీ ప్రార్థన. చలికాలం వచ్చాక మంచులో కింద లోయ కూడా కనిపించడం మానేసింది. మఠం లైబ్రరీలో ఒక పాత గైడు పుస్తకం దొరికింది. అందులో వెనిస్ పటాన్ని చూసి చూసి కంఠస్థం పట్టాడు. ఏ వంతెన దాటితే ఏ చర్చి వస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. భోజనాల దగ్గర తోటివాళ్ళు అడిగితే చెప్పేవాడు, అడక్కపోయినా చెప్పేవాడు. ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళకి కూడా ఇంత తెలియదని లోలోపల అతనికో గర్వం.

శిక్షణ ముగిసింది. తిరుగు ప్రయాణం దగ్గరపడింది. ఈలోగా వెనిస్ చూసి వస్తానని మఠాధిపతిని సెలవు అడిగాడు.

ఫాదర్ బెనిన్యో మాట తక్కువ మనిషి. "వెళ్ళిరా" అన్నాడు.

మర్నాడు పొద్దున బాలశౌరి సంచి భుజాన వేసుకుని బయల్దేరాడు. కొండ కింద నుంచి రోజుకి ఒకటే బస్సు. వంటింటి ముందు ఫాదర్ బెనిన్యో నిలబడి ఉన్నాడు. చేతిలో పొగలు కక్కుతున్న సూపు గిన్నె.

"బస్సుకి ఇంకా టైముంది. పోతూ పోతూ ఇది ఎజీదియోకి తాగించు."

బ్రదర్ ఎజీదియో మఠంలో అందరికన్నా పెద్దవాడు. మంచం పట్టి చాలా రోజులైంది. చావుకి దగ్గరైనవాళ్ళకి నూనె పూసి ప్రార్థన చేసే అవస్థ అభ్యంగనం కూడా ముందురోజే అయిపోయింది. బాలశౌరి ఆయనతో ఎప్పుడూ నాలుగు మాటలు మాట్లాడిన పాపాన పోలేదు.

గదిలో చలి, మందుల వాసన. బాలశౌరి నిలబడే గబగబా చెంచాతో పట్టడం మొదలుపెట్టాడు. కళ్ళు కిటికీ మీదే ఉన్నాయి. సగం సూపు ముసలాయన గడ్డం మీదుగా కారిపోయింది.

ఎజీదియో కళ్ళు తెరిచి సంచి వంక చూశాడు.

"ప్రయాణమా?"

"అవును బ్రదర్. వెనిస్‌కి."

"మా ఊరికా!"

బాలశౌరి చేతిలో చెంచా ఆగిపోయింది. మంచం పట్టేదాకా ఈయన భోజనాల బల్ల చివర కూర్చుని, తను వెనిస్ గురించి చెప్పిందంతా విన్నాడు. అది మా ఊరే అని ఒక్కసారి కూడా అనలేదు.

"రైలు దిగి బయటికి వస్తే మెట్ల కింద నీళ్ళే ఉంటాయి," అన్నాడు ఎజీదియో. గొంతు గాలి పోయినట్టుంది. "అందరూ పడవ ఎక్కుతారు. నువ్వు ఎక్కకు. నడువు. ఆకలైతే మా ఇంటికి వెళ్ళు. మా అమ్మ చిన్న చేపలు వేయించి, ఉల్లిపాయలూ ఎండుద్రాక్షా వెనిగరూ వేసి రాత్రంతా ఊరబెడుతుంది. మొక్కజొన్న సంకటితో పెడుతుంది. మొదటి ముద్దకి బాగోలేదనిపిస్తుంది. ఆగు. రెండో ముద్ద తిను."

ఇది ఏ పుస్తకంలోనూ లేదు. అయినా టైమవుతోంది. "వెళ్ళొస్తాను బ్రదర్" అని బాలశౌరి గిన్నె కింద పెట్టాడు.

ముసలాయన చటుక్కున అతని చెయ్యి పట్టుకున్నాడు. చూపు మారిపోయింది.

"వానొస్తోంది. స్టేషన్ దగ్గరే ఉన్నాను. ఇల్లు ఎటో మర్చిపోయాను." చిన్నపిల్లాడిలా ఏడవడం మొదలుపెట్టాడు. "ఎటు పోవాలి?"

బాలశౌరి తలుపు వంక చూశాడు. చెయ్యి విడిపించుకోవడం పెద్ద పనేం కాదు. ఆ వేళ్ళలో అంత బలం లేదు.

మంచం అంచున కూర్చున్నాడు.

"మీ ఇల్లు ఎక్కడ బ్రదర్?"

"మదోన్నా దెల్లోర్తో చర్చి వెనక."

బాలశౌరి కళ్ళు మూసుకున్నాడు. పటం కళ్ళ ముందు పరుచుకుంది.

"అయితే మెట్లు దిగి, నీళ్ళదాకా పోకుండా ఎడమకి తిరగండి. ఆ వీధి చివర పెద్ద వంతెన ఉంటుంది. వచ్చిందా?"

"వచ్చింది. జారుతోంది."

"పక్క గోడ పట్టుకుని నడవండి. దిగి తిన్నగా వెళ్ళండి. ఇప్పుడు మళ్ళీ ఎడమకి. ఒక కాలువ దాటండి. ఇంకోటి వస్తుంది, అదీ దాటండి."

కింద లోయలో బస్సు హారన్ మోగింది. కాసేపాగి మళ్ళీ మోగింది. తర్వాత మోగలేదు.

"ఎర్ర ఇటుకల చర్చి కనిపిస్తోందా?"

"ఆ..." ముసలాయన ముఖం విప్పారింది. "ఇక నాకు తెలుసు."

పటం కూడా అక్కడితో అయిపోయింది. చర్చి వెనక సందులు ఆ పుస్తకంలో లేవు. బాలశౌరి ఆయన ముఖంలోకే చూశాడు. ఎజీదియో పెదవులు కదులుతున్నాయి. వేళ్ళు దుప్పటి మీద మెల్లగా తట్టాయి.

చాలాసేపటికి అన్నాడు, "ఎవరూ తీయట్లేదు."

"మళ్ళీ తట్టండి బ్రదర్."

"తట్టాను. లోపల దీపం లేదు."

అమ్మ వస్తోంది అని చెప్పేద్దామనుకున్నాడు బాలశౌరి. నోరు రాలేదు.

"నువ్వెళ్ళు బాబూ," అన్నాడు ఎజీదియో. "నీ బండి వెళ్ళిపోతుంది."

"వెళ్ళను. మీతోనే నిలబడతాను."

"తడిసిపోతావు."

"తడవనీండి."

ఆ తర్వాత ఆయన మాట్లాడలేదు. సూపు చల్లారి పైన నెయ్యిలా పేరుకుంది. మధ్యాహ్నం గంట కొట్టకముందే ఊపిరి ఆగింది.

ఫాదర్ బెనిన్యో వచ్చి చనిపోయినాయన కళ్ళు మూశాడు. శిలువ గుర్తు వేసుకుని అలాగే నిలబడ్డాడు. బాలశౌరి తలెత్తలేకపోయాడు.

"దారంతా చెప్పాను ఫాదర్," అన్నాడు. "ఇంటిదాకా వెళ్ళాం. తలుపు మాత్రం ఎవరూ తీయలేదు."

ఫాదర్ బెనిన్యో వంగి, చనిపోయినాయన గడ్డం మీద ఎండిన సూపు తుడిచాడు.

"గుమ్మం దగ్గర ఒక్కడే ఉన్నాడా?"

బాలశౌరి తల అడ్డంగా ఊపాడు.

"అయితే నీళ్ళు తోడుకురా," అన్నాడు ఫాదర్ బెనిన్యో. "ఒళ్ళు కడగాలి."