నక్క తోకకు పట్టిన బురద

పోటు వచ్చినప్పుడల్లా ఉప్పుటేట్లోకి సముద్రపు నీరు వస్తుంది. ఒక ఏడాది నీటితో పాటు ఎర్రటి నాచు కూడా వచ్చింది. వచ్చింది ఊరుకుందా? ఏరంతా కమ్మేసి, కింద బతికేవాళ్లకు ఊపిరాడకుండా చేసింది. నూకాలు అనే పీతకైతే గుండెల్లో రాయి పడింది. దాని కడుపు కింద గుడ్లున్నాయి, నేడో రేపో పిల్లలు. ఈ నీళ్లలోకి ఎలా వదలడం?

మునిగిన పాత పడవ దగ్గర మాత్రం నీళ్లు తేటగా ఉన్నాయి. "ఇదేం చిత్రం!" అనుకుంది నూకాలు. వింత కనబడితే గీకి చూడందే దానికి తోచదు. పడవ కింది బురద చిటికెడు తెచ్చి నాచు మీద వేసింది. పొద్దు వాలేసరికి అక్కడ నాచు మాయం!

"ఎవర్రా ఇది తిన్నది?"

"మేమేనమ్మా," అన్నాయి బురదలోంచి సన్నటి గొంతులు. "కంటికి ఆనం. బాక్టీరియా అంటారు మమ్మల్ని."

"మరి ఏరంతా తినరేం? నోళ్లు నొప్పా?"

"మాకు కాళ్లేవీ? ఎవరైనా మోసుకెళ్లాలి. అదీ కొంచెం కొంచెంగా. నాచంతా ఒక్కసారే చచ్చి కుళ్లితే అసలుకే ఊపిరి పోతుంది."

నూకాలు తన డెక్కలు చూసుకుంది, ఏరు పొడవు చూసింది. ఏడుపొచ్చింది.

అప్పుడే గుంటనక్క వచ్చింది. పీతల బొరియల్లో తోక పెట్టడం, పట్టుకున్న పీతను లాగి నమలడం దాని పని. నూకాలు గబుక్కున బొరియలో దూరింది.

"ఏమే నూకాలూ, తోక పట్టుకోవేం?"

"నాలో ఏముంది మామా, అంతా డొప్పే! మావాళ్లంతా నీకు జడిసి ఆ నాచు కింద దాక్కున్నారు. నక్క వాసనకి పట్టరుగానీ, పడవ కింది బురద పూసుకుని ముంచి చూడు."

"నిజమేనా?"

"నీతో అబద్ధమాడి బతకగలనా మామా!"

నక్కకు నోరూరింది. తోకకు బురద పూసింది, నాచులో ముంచింది. ఒక్క పీతా పట్టలేదు.

"బురద కొట్టుకుపోయింది మామా, మళ్లీ పూసుకో. అక్కడ కాదు, ఇంకాస్త అవతల!"

రోజూ ఇదే తంతు. తోక మునిగిన చోటల్లా నాచు విడిపోతోంది. నక్క ధ్యాసంతా పీతల మీదే, నీళ్లకేసి చూస్తేగా!

ఒక పొద్దున ఏటి అడుగున ఇసుక కనబడింది. నూకాలు ఒళ్లు దులిపి పిల్లల్ని నీళ్లలో వదిలింది. అవి ఈదుతుంటే దాని కళ్లు చెమర్చాయి.

ఒడ్డున నక్క నానిపోయిన తోకతో నిలబడి, తేటపడ్డ నీళ్లు అప్పుడు చూసి అరిచింది. "నాతో చాకిరీ చేయించావే, దొంగపీతా!"

"చల్లగా ఉండు మామా! నా పిల్లలకి ఊపిరి పోసింది నీ తోకేనని వాళ్లకి చెబుతాలే," అంటూ నూకాలు లోతుకు జారుకుంది.

ఇదేమిటని వంగి చూసినవాడికి దారి దొరుకుతుంది, తిండి తప్ప ఏదీ చూడనివాడు ఎదుటివాడి బరువు మోస్తాడు.