పొలిమేర చూపిన కీచురాయి

అనగనగా అంటే ఎప్పుడో అనుకునేరు! మా ముత్తవ్వ ఎర్నమ్మ కొండవాలు ఊరికి కొత్తకోడలుగా వచ్చిన ఏడు. ఊ కొట్టండర్రా, ఆపితే కీచురాయి అలుగుతుంది!

ఆ ఏడు వానంటే వానా? ఏనుగులు చేపల్లా ఈదాయి! ఆ వరదకి పొలిమేర రాయి విరిగి కొట్టుకుపోయింది, దాని మొదలు బురదలో కూరుకుపోయింది. ఇదే సందనుకుని అవతలి రాజు, వాలంతా నాదే, ఇక నా ఏనుగులే మేస్తాయి అన్నాడు. మరి ఊరి మేకలేం తినాలి? పిల్లలకి పాలెక్కణ్ణించి వస్తాయి?

పెద్దలు ఒకరి వెనక ఒకరు నక్కారు. ఎర్నమ్మ కొంగు దోపుకుని ముందుకొచ్చింది.

"మహారాజా, మా వాలు మీద కలేకాయ ముళ్ళపొదల్లో చిటికెన గోరంత పచ్చ కీచురాయి ఉంది. ముల్లోకాల్లో ఇంకెక్కడా లేదు. మీ నేల మీద రెక్క కూడా కదపదు. అది ఎక్కడిదాకా పాడితే అక్కడిదాకా మాది."

వాళ్ళత్త నెత్తి బాదుకుంది. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఊరిని పురుగు చేతిలో పెడతావటే?"

రాజు పకపకా నవ్వి, పొద్దుగూకేలోగా నా తోటలో పాడిస్తా, పాడిందా, వాలు నాది అన్నాడు.

కీచురాయికి పల్లకీ వచ్చింది! ముందు డప్పులు, వెనక సన్నాయిలు, ఆ వెనక ఊరంతా! రాజుగారి తోటలో బంగారు పళ్ళెంలో కూర్చోబెట్టారు. బెల్లం పెట్టారు, పాడలేదు. పరమాన్నం పెట్టారు, పాడలేదు. రాజే మోకాళ్ళ మీద కూలబడి నాయనా, తండ్రీ అన్నాడు. ఉహూఁ! ఊ కొడుతున్నారా? ఉన్నట్టుండి రెక్క ఎత్తింది! మీసం దువ్వుకుని... దించేసింది!

పొద్దు వాలింది. రాజు ఒళ్ళుమండి పళ్ళెం బోర్లించాడు. అంతే! కీచురాయి పళ్ళెం మీంచి రాజు పాదం మీదికి, పాదం మీంచి పొట్ట మీదికి, పొట్ట మీంచి మీసం మీదికి, మీసం మీంచి కిరీటం మీదికి, కిరీటం మీంచి గాల్లోకి! దాని వెనక రాజు, రాజు వెనక సైన్యం, సైన్యం వెనక ఎర్నమ్మ, ఎర్నమ్మ వెనక అత్త, అత్త వెనక మేకలు! వాగు దాటింది, పాడలేదు. గట్టు దాటింది, పాడలేదు. ఓ కలేకాయ పొద మీద వాలి "క్రీ..." అంది! కొండలు ఊగిపోయాయంటే నమ్మండి!

ఆ పొద కింద తవ్వితే ఏముందీ? విరిగిన పొలిమేర రాయి మొదలు!

రాజు కొత్తరాయి తనే మోసుకొచ్చి పాతాడు. రోజూ సాయంత్రం రాయికి అవతలే కూర్చుని, డప్పులు మాన్పించి, పాట వినేవాడు. మేకలు కుండలకొద్దీ పాలిచ్చాయి. అత్తేమో, ఆ ఉపాయం చెప్పింది నేనేనని ఊరంతా చాటుకుంది!

గోరంత ప్రాణానికైనా తనదంటూ ఓ చోటుంటుందర్రా, అక్కడుంటేనే దానికి పాటొస్తుంది. కీచురాయి పొదలోకి, కథ కంచి దారిలోకి, మనం దుప్పట్లోకి!