గవరయ్య గ్రంథం

పూర్వం ఒక రాజు తన వాస్తు విద్యాపీఠానికి గురువును వెతుకుతున్నాడు. సభామండపంలో, రాజు ఎదుట, పీఠాధిపతి విశ్వంభరశాస్త్రి వచ్చినవారిని పరీక్షించడానికి కూర్చున్నాడు. గోపురాల మీద ఒకరు, స్తంభాల మీద ఒకరు పరిశోధించి రాసిన తాళపత్రాల కట్టలు చూపించారు. చివరికి తాపీమేస్త్రి గవరయ్య వంతు వచ్చింది.

"నీ పరిశోధన దేనిమీదోయ్?" అన్నాడు శాస్త్రి.

"కప్పుల మీదండి."

"గ్రంథమేది?"

"రాయలేదండి, కట్టాను."

"గ్రంథం లేనివాడి విద్యను నేను నమ్మను."

గవరయ్య తలపాగా సర్దుకున్నాడు. "అయితే తమరు వెంటనే బయటికి వెళ్లాలండి. ఈ మండపానికి కప్పు వేసింది నేనే. ఊతకర్రలు తీసిననాడు, మా ఆనవాయితీ ప్రకారం, ఆలుబిడ్డలతో దీనికిందే నిలబడ్డాను. అంతకుమించిన రుజువు నా దగ్గర లేదు."

శాస్త్రి ఒకసారి పైకి చూశాడు.

"లేస్తారా, నియామకపత్రం రాస్తారా?" అన్నాడు రాజు.

శాస్త్రి కూర్చున్నచోటనే గంటం అందుకున్నాడు.