వీపుకు వీపు ఆనించి

వైకుంఠమనే కుర్రాడికి ఆ రాముడు మంచి గొంతే ఇచ్చాడండీ. దాంతోపాటు వణుకు కూడా ఇచ్చాడు. గురువుగారింటి చావిట్లో కూర్చుని పాడితే వినేవాళ్లకి కళ్లు చెమర్చేవి. పదిమంది ముందు వేదికెక్కిస్తే చాలు, లేచి పారిపోదామని చూసేవాడు.

కిందటేడు శ్రీరామనవమి పందిట్లో కీర్తన సగంలో ఉండగా లేచి వచ్చేశాడు. ఏడాది తిరిగింది. మళ్లీ అదే పందిరి. ముందు అరగంట వైకుంఠం పాట, ఆ తర్వాత గురువు సోమయాజులుగారి కచేరీ.

"ఈసారి కూడా లేచి వచ్చేస్తే ఇక పాట మానేస్తానండీ. తునిలో మా బావకి ఎరువుల కొట్టుంది. వెళ్లి అందులో కూర్చుంటాను," అన్నాడు వైకుంఠం, పందిరి వెనక తడికల చాటున.

"కొట్లోనైనా కూర్చోవడం రావాలి కదరా. ఏదీ, కూర్చో చూద్దాం," అన్నారు గురువుగారు.

వైకుంఠం చాప మీద బాసింపట్టు వేసుకున్నాడు. భుజాలు చెవులదాకా లేచాయి. మోకాళ్లు గాల్లో ఉన్నాయి. కాలివేళ్లు బిగుసుకుపోయాయి.

"పాడటానికి కూర్చున్నావట్రా? కదిలిపోతున్న రైలెక్కబోయేవాడిలా ఉన్నావు!"

"భయమండీ. మిరియాల పాలు తాగాను. ఆంజనేయస్వామి తాయెత్తు కట్టించుకున్నాను. అయినా పోవడం లేదు. మీకేం తెలుస్తుంది లెండి, నలభై ఏళ్లుగా పాడుతున్నవారు."

గురువుగారు ఉత్తరీయం తీసి పక్కన పెట్టారు. శిష్యుడి వెనక్కి వెళ్లి, వీపుకు వీపు ఆనించి కూర్చున్నారు. మెల్లగా షడ్జం అందుకున్నారు.

మొదట వైకుంఠానికి ఆ బరువు తెలిసింది. దింపిన వడ్లబస్తాలా నేలకి దిగిపోయి ఉంది. ఊపిరి తీసినప్పుడు ఆ భుజాలు లేవలేదు. పక్కటెముకలు అటూ ఇటూ విచ్చుకుని, మళ్లీ దగ్గరకొచ్చాయి. తెలీకుండానే తన భుజాలూ జారాయి. మోకాళ్లు చాపను తాకాయి.

అప్పుడు ఇంకొకటి తెలిసింది. ఆ వీపులో ఏదో దబదబా కొట్టుకుంటోంది.

వైకుంఠం ఉలిక్కిపడ్డాడు. "గురువుగారూ, మీ గుండె!"

"ఆఁ. పందిరి చూస్తే అంతే దానికి. నలభై ఏళ్లనుంచీ."

"మరి ఎలా పాడతారండీ?"

"దాన్ని కొట్టుకోనీరా. నువ్వు కూర్చో."

మైకులో వైకుంఠం పేరు పిలిచారు. అతను తంబూరా అందుకోబోయేసరికి గురువుగారే దాన్ని ఎత్తుకున్నారు. శిష్యుడి వెనక గురువు తంబూరా పట్టుకుని కూర్చోవడం ఆ పందిరి ఎన్నడూ చూడలేదు. వడపప్పు తింటున్నవాళ్లు నమలడం ఆపేశారు.

ముందు వరసలో కిందటేడు నవ్విన మొహాలే ఉన్నాయి. వైకుంఠం సీతారాముల పటానికి దండం పెట్టుకున్నాడు. బాసింపట్టు వేసుకుని, మోకాళ్లు వేదికను తాకేదాకా వదిలాడు. షడ్జం అందుకున్నాడు.

అరగంటసేపూ గుండె కొట్టుకుంటూనే ఉంది. అరగంటసేపూ వైకుంఠం కూర్చునే ఉన్నాడు.