ఉప్పు అయిపోయాక

అనగనగా, గొర్రె మాట మనిషికి అర్థమయ్యే కాలంలో, రాళ్లగుట్ట కింద గొర్రెలు కాసే కురుమల ఇల్లు ఒకటి. ఆ ఇంటికి కొమురవ్వ కొత్తకోడలిగా వచ్చింది. పెనిమిటి మందను తోలుకుని దూరపు మేతకు పోయాడు. అత్తవి పొదుపు మాటలు. పొద్దంతా కొమురవ్వ నోరు తెరిచేది అన్నానికే.

దొడ్డిలో మిగిలింది చూలుతో ఉన్న నల్లచెవుల గొర్రె. ఒకనాటి ఉదయం అది ఈనింది. కొమురవ్వకు పట్టరాని సంబరం! పిల్లను ఎత్తుకుపోయి వేణ్నీళ్లు పోసింది, పసుపు రాసింది, సాంబ్రాణి పొగ వేసింది, బొట్టు పెట్టింది.

తల్లి వాసన చూసింది. కుమ్మి తోసేసింది.

"ఎవరిదీ పిల్ల?"

"నీదే! ఇప్పుడేగా కన్నావు!" అంది కొమురవ్వ.

"నా పిల్లకు నా కడుపు వాసన ఉండాలి. దీనికి మీ వంటింటి వాసన. నాకడానికి నాకేం మిగిల్చావు?"

అత్త గడపలోంచి తొంగిచూసి, "ఉయ్యాల కూడా కడతావా పిల్లా?" అని దెప్పింది.

కొమురవ్వ మొదట బతిమాలింది. గొర్రె మొహం తిప్పుకుంది.

తర్వాత దాని మెడ ఒడిసిపట్టి పిల్లకు పాలు తాపింది. రోజూ అంతే. పిల్ల కడుపు నిండేది గానీ ఒళ్లు చేయలేదు. గోడవారన ఒంటరిగా ముడుచుకుని వణికేది. వెన్నెముక తేలింది.

"ఇక బతకదు" అంది అత్త.

కొమురవ్వ గొర్రె ముందు కూలబడింది. "తప్పు నాదే. ముద్దుకొద్దీ చేశాను, నీ పద్ధతి అడగలేదు. దానిమీద కోపం పెట్టుకోకమ్మా."

"కోపం కాదే. ఎరుక లేదు. నాకితేనే ఎరుక. ఊరకే ఎలా నాకను?"

కొమురవ్వ లేచి లోపలికి పరిగెత్తింది. గుప్పెడు ఉప్పు తడిపి తెచ్చి పిల్ల ఒళ్లంతా రాసింది.

ఉప్పంటే గొర్రెకు ప్రాణం. వీపు నాకింది. చెవులు నాకింది. తోక నాకింది. పిల్ల తోకాడిస్తూ పొదుగులో దూరింది. తల్లి గొంతులో సన్నగా గురగుర మొదలైంది.

"ఉప్పు అయిపోయింది" అంది కొమురవ్వ మెల్లగా.

"తెలుసులే" అని గొర్రె నాకుతూనే ఉంది.

వానలు పడేసరికి పిల్ల బలిసి గెంతుతోంది. అత్త దాన్ని చూసింది, కోడలినీ చూసింది.

"చిక్కిపోయావేమే? తింటున్నావా?"

"కడుపునిండా తింటున్నా అత్తా."

"అదీ కడుపునిండానే తాగేది, అప్పుడు."

 అత్త తను కూర్చున్న చాప మీద పక్కకు జరిగి కోడలికి చోటిచ్చింది.

పాలు కడుపు నింపుతాయి. పెంచేది మాత్రం చేరదీయడమే.